మూడో నెలలోనే షుగర్ టెస్ట్ అవసరమా, ఆరో నెల దాకా ఆగొచ్చా?

గుంటూరు కోడలు:
మా చెల్లికి పదో వారం అండి, మొదటి చెకప్‌కే గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలకి రక్తం తీశారు, 146 వచ్చింది, ప్రెగ్నెన్సీ షుగర్ అన్నారు. వాళ్ళ అత్తగారేమో అది ఆరో నెలలో కదా చూసేది, ఇప్పట్నుంచే పిల్లని భయపెట్టడం ఎందుకు అంటున్నారు. మీరేమంటారు?

డాలస్ అమ్మాయి:
ఆవిడ అన్నదాంట్లో పాయింట్ ఉందండి. ఇక్కడ రిస్క్ లేనివాళ్ళకి 24-28 వారాల మధ్యే చూస్తారు. 2023లో టోబోజిమ్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది, అందులో ముందే షుగర్ అని తేలినా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టకుండా ఆగినవాళ్ళలో మూడోవంతు మందికి 24-28 వారాల్లో మళ్ళీ చేస్తే నార్మల్ వచ్చింది. వాళ్ళందరిచేతా నెలల తరబడి వేళ్ళు పొడిపించడం న్యాయమా?

కరీంనగర్ నర్సక్క:
అదే ట్రయల్‌లో మిగతాది కూడా చెప్పమ్మా. నెలలు నిండకుండా పుట్టడం, ఊపిరందకపోవడం, కామెర్లకి లైటు కింద పెట్టాల్సి రావడం ఇలాంటివన్నీ కలిపి చూస్తే ముందే ట్రీట్‌మెంట్ ఇచ్చినవాళ్ళ పిల్లల్లో 24.9 శాతం, ఆగినవాళ్ళలో 30.5. మన కేంద్ర ఆరోగ్యశాఖ గైడ్‌లైన్స్‌లోనే మొదటి చెకప్‌కి ఒకసారి, నార్మల్ వస్తే 24-28 వారాల్లో ఇంకోసారి అని ఉంది. పరగడుపున రానక్కర్లేదు, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగడం, అరగంటలోపు వాంతైతే మర్నాడు మళ్ళీ, రెండు గంటలకి 140 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ కిందే లెక్క. పల్లె నుంచి బస్సెక్కి వచ్చినామెని రేపు పరగడుపున రా అంటే మళ్ళీ కనబడదు, అందుకే ఈ పద్ధతి. పైగా కడుపు రాకముందే షుగర్ ఉండి తెలియనివాళ్ళు మనదగ్గర బోలెడుమంది, బిడ్డకి గుండె, వెన్ను తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనే, ఆరో నెలలో తెలిసి ఏం చేస్తాం?

డాలస్ అమ్మాయి:
పాత షుగర్ పట్టుకోవాలి, అది నేనూ ఒప్పుకుంటా అక్కా. కానీ ఆ ట్రయల్‌లో చేరినవాళ్ళంతా ఏదో ఒక రిస్క్ ఉన్నవాళ్ళే, దాన్ని పట్టుకుని అందరికీ చెయ్యాలంటే ఎలా?

కరీంనగర్ నర్సక్క:
మనవాళ్ళం కావడమే రిస్క్ తల్లీ. మీ అమెరికాలోనే ఏషియన్లకి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క) 23 నుంచే రిస్క్ లెక్కేస్తారు, మిగతావాళ్ళకి 25. చెల్లికి 146 వచ్చిందని వెంటనే ఇన్సులిన్ ఏం పెట్టరు. ముందు రెండు వారాలు తిండి, నడక. అన్నం మానక్కర్లేదు, కొలిచి పెట్టుకుని పప్పు, కూర ఎక్కువ వేసుకోమనండి. తర్వాత తిన్న రెండు గంటలకి చూస్తారు, 120 లోపుంటే అలాగే కొనసాగించడమే.

గుంటూరు కోడలు:
థాంక్స్ అక్కా, వాళ్ళ అత్తగారికి ఇది చదివి వినిపిస్తా. కాన్పయ్యాక కూడా చూపించుకోవాలా?

కరీంనగర్ నర్సక్క:
తప్పకుండా, ఆరు వారాలకి మళ్ళీ ఇదే 75 గ్రాముల టెస్ట్, బిడ్డకి టీకా వేయించడానికి వచ్చినరోజే చేయించేయండి.