‘ఓపిఫెర్‌క్వే పెర్ ఓర్బెమ్ డికోర్’ను తెలుగులో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. పాత ఇంగ్లిష్ మందుల దుకాణాల మట్టిసామాను సేకరించేవాళ్లకు బాగా తెలిసిన లాటిన్ ముక్క ఇది. ఆ సామానులో మాత్రల పలకలంటే, అంటే మందు ముద్దను మాత్రలుగా చేసుకునే పలకలంటే, నాకు ప్రాణం. కాల్చిన మట్టి మీద తగరపు బూడిద కలిపిన తెల్లటి పూత, దాని మీద నీలంతో బొమ్మ. చూస్తే పింగాణీ అనిపిస్తుంది కానీ లోపలిది మామూలు మట్టే. కాల్చకముందు ఆ పూత రంగును చటుక్కున పీల్చేస్తుంది. గీత ఒకసారి పడిందంటే ఇక దిద్దడానికి లేదు. అందుకే ఆ అక్షరాల వంకరల్లో రాసినవాడి చెయ్యి తెలిసిపోతుంది.

17, 18 శతాబ్దాల్లో లండన్‌లో చేసిన చాలా పలకల మీద అపోథెకరీల (మందులు కలిపి అమ్మేవాళ్ల) సంఘం చిహ్నం ఉంటుంది. 1617లో ఒకటో జేమ్స్ రాజు సన్నదు ఇచ్చిన సంఘం అది. పైథాన్ సర్పాన్ని చంపిన గ్రీకు దేవుడు అపోలో, పైన ఖడ్గమృగం, వీటికి తోడు ఈ మాట. ‘లోకమంతా నన్ను సాయం తెచ్చేవాడంటారు’ అని స్థూలంగా అర్థం.

నా సందేహం ఆ ‘క్వే’ గురించి. అది ‘మరియు’ అనే అర్థమిచ్చే ప్రత్యయం. సంస్కృతంలోని ‘చ’కు చుట్టమే, దానిలాగే పదం వెనక చేరుతుంది. మొదటి పదానికే ‘మరియు’ తగిలించి ఉందంటే, ముందున్న మాటను ఎవరో కోసేశారన్నమాట. దీన్ని తెలుగులో ఎలా నిలబెట్టాలి?

జవాబు: ‘లోకవైద్యుడు’ అంటే సరిపోదా అండీ? అపోలో వైద్యానికి దేవుడే కదా.

జవాబు: సరిపోదనిపిస్తోందండీ. ‘ఓపిఫెర్’లో ఉన్నది సాయం, దాన్ని మోసుకురావడం. పైగా ఆ రోజుల లండన్‌లో వైద్యుడు వేరు, మందు కలిపే అపోథెకరీ వేరు. మందు రాసిచ్చే హక్కు కోసం ఇద్దరికీ పెద్ద తగాదా. 1704లో ప్రభువుల సభ తీర్పుతో గానీ అపోథెకరీలకు ఆ హక్కు ఖాయం కాలేదు. వాళ్ల పలక మీది మాటకు ‘వైద్యుడు’ అని రాస్తే ఆ తగాదా అంతా చెరిగిపోతుంది.

జవాబు: మూలం రోమన్ కవి ఓవిడ్ కావ్యం ‘మెటమార్ఫోసెస్’ మొదటి అధ్యాయం. డాఫ్నీ అనే వనకన్య వెంటపడుతూ అపోలో చెప్పుకునే గొప్పలు అవి. వైద్యం నేను కనిపెట్టిందే, లోకమంతా నన్ను సాయం తెచ్చేవాడంటారు, మూలికల శక్తి నా చేతిలో ఉంది అంటాడు. వెంటనే గొంతు మారిపోతుంది. అయ్యో, ప్రేమకు ఏ మూలికా మందు కాదే, అందరికీ పనికొచ్చే విద్య నాకే పనికిరాలేదే అని వాపోతాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు! సంఘంవాళ్లు ఆ ఏడుపు దాకా పోకుండా నడుమ ముక్క మాత్రం తీసుకున్నారు.

జవాబు: ఎంత బాగా చెప్పారండీ! కోసేసిన మాట ముందే కాదు, వెనకా ఉందన్నమాట. మన దగ్గర ‘ఆపద్బాంధవుడు’ ఉండనే ఉంది. ‘మోసుకురావడం’ కాస్త తగ్గినా సాయం పూర్తిగా పలుకుతుంది. ‘క్వే’ పని ‘అని’ని ‘అనీ’గా సాగదీస్తే జరిగిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను: ‘ఆపద్బాంధవుడనీ అంటారు నన్ను లోకమంతటా.’ ఇంతకంటే మంచిది తడితే చెప్పండి.