అప్‌డేట్: అత్తయ్యతో దేవమాలి వెళ్లొచ్చాం

మే ఎండల్లో పిల్లల్నీ, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యనీ తీసుకుని ఒడిశాలోని జయపూర్ నుంచి దేవమాలి వెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ, 1672 మీటర్లు. అయినా దాదాపు పైదాకా రోడ్డుంది కాబట్టి అత్తయ్య నడిచింది కొంచెమే. తెల్లవారేసరికి పైన ఉండమన్నవాళ్లకు దండాలు. ఆ గాలికి ఆవిడ కొంగు తలకు చుట్టుకుని, "ఇది మే నెలేనా?" అన్నారు. స్వెట్టర్లు దండగన్న మా ఆయన మాత్రం చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు.

తిరుగు దారిలో కుందులి శుక్రవారం సంత. పసుపుకొమ్ముల దగ్గర అత్తయ్య ఒడియాలో బేరం మొదలుపెట్టి, కోపం రాగానే తెలుగులోకి దిగారు. అమ్మే ఆమె కూడా తెలుగులోనే అందుకుంది! కొరాపుట్‌లోని జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రానికి టైమ్ చాలలేదు. మూడింటికే ఉరుములు, వాన.