భోగి తలంటుకి సున్నిపిండి, కుంకుడు రసం: కొలతలేంటి, తేడా ఎక్కడ వస్తోంది?

ప్రశ్న (రాసినవారు: బోరునీళ్లు)

భోగి నాటికి నలుగురికి సరిపడా సున్నిపిండి, కుంకుళ్లు సిద్ధం చేసుకోవాలి. ఇప్పటి కొలత ఇదీ: పెసలు అరకిలో, బియ్యం అరకిలో, వంటల్లో వాడే పసుపు 100 గ్రాములు, ఎండబెట్టిన నారింజ తొక్కలు రెండు గుప్పెళ్లు. పట్టేది మిక్సీలో. రుద్దుకుంటే ఒళ్లు గీరుకుపోతోంది. నెల తిరిగేసరికి డబ్బాలో పిండి ఉండకట్టి పురుగు పడుతోంది. తువ్వాళ్లన్నీ పసుపు.

కుంకుడు రసం సంగతి ఇంకోలా ఉంది. కాయలు కొట్టి, వేడినీళ్లలో నానేసి, పిసికి టీ వడగట్టే జల్లెడలో వడకడితే నురగ అంతంతమాత్రం. తల ఆరాక జుట్టులో పెచ్చుల ముక్కలు. వెంట్రుకలు గడ్డిలా బిరుసెక్కుతున్నాయి. జుట్టు నడుము దాకా ఉంది, నీళ్లు బోరువి, బకెట్ అంచున తెల్లటి చార కడతాయి. దయచేసి గ్రాముల్లో చెప్పండి, గుప్పెళ్ల లెక్క ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటోంది.

జవాబు 1 (రాసినవారు: పెసరచేను)

ముందు సున్నిపిండి. మీ కొలతలో బియ్యం ఎక్కువ, అసలు చిక్కు అదే. బియ్యం గట్టి గింజ, మిక్సీలో ఎంత తిప్పినా కొంత సన్న రవ్వగా మిగిలిపోతుంది. నలుగులో బియ్యం పదో వంతు దాటకూడదు. కిలో పిండికి ఈ లెక్క పెట్టుకోండి:

పొట్టుతో ఉన్న పెసలు 500 గ్రాములు, సెనగపప్పు 250, బియ్యం 100, మెంతులు 25, కస్తూరి పసుపు 25, వట్టివేళ్లు 25, గంధకచ్చూరాలు (మూలికల కొట్లో దొరికే ఎండు వాసన దుంపలు) 25, ఎండు గులాబీ రేకులు 25, ఎండు బత్తాయి తొక్కలు 25.

నూనె జిడ్డును పీల్చేది పెసర, సెనగ పిండే. మిగతావి వాసనకీ జారుడుకీ. వట్టివేళ్లు దొరక్కపోతే మానేయండి, పిండి పనితనం తగ్గదు. మెంతులు మాత్రం వదలకండి. తడి తగిలితే వాటి జిగురు ఊరి పిండి ఒంటి మీద జారుతుంది, రాపిడి తగ్గుతుంది. అలాగని 25ని 100 చేస్తే గిన్నెలో కలిపిన పిండి ఐదు నిమిషాల్లో గంజిలా బిగుసుకుపోతుంది.

ఎండబెట్టడం దగ్గరే సగం మంది తప్పు చేస్తారు. ధనుర్మాసంలో ఎండ బాగానే కాస్తుంది, కానీ సాయంత్రం నాలుగు దాటితే గాలిలో చెమ్మ మొదలై రాత్రికి మంచు పడుతుంది. పొద్దంతా ఎండినవి తిరిగి మెత్తబడతాయి. ఉదయం తొమ్మిదికి పెట్టి నాలుగింటికల్లా లోపలికి తెచ్చి మూత పెట్టేయండి. పప్పులకి రెండు రోజులు చాలు, బత్తాయి తొక్కలకి నాలుగైదు పడుతుంది. తొక్క వంచితే టక్కున విరగాలి. వంగిందంటే లోపల తడి ఉన్నట్టే, ఆ ఒక్క తొక్క డబ్బా పిండినంతా ఉండకట్టిస్తుంది. గులాబీ రేకులు మాత్రం నీడలోనే ఆరాలి, ఎండలో వేస్తే రంగూ వాసనా రెండూ పోతాయి.

వట్టివేళ్లకి మట్టి బాగా అంటి ఉంటుంది. రెండు మూడు నీళ్లలో జాడించి, ఎండాక కత్తెరతో అర అంగుళం ముక్కలు చేయండి. పొడుగ్గా వేస్తే మిక్సీ బ్లేడుకి దారంలా చుట్టుకుపోతాయి. గంధకచ్చూరాలు, పసుపు కొమ్ములు ముందు రోట్లో పలుకులుగా నలగ్గొట్టాలి.

కిలో పిండి మిక్సీలో పడితే మోటారు వేడెక్కుతుంది, బరకా పోదు. మరకి పంపడం మేలు. ఒక్క జాగ్రత్త: మీ వంతుకు ముందు ఆ మరలో కారం పట్టారేమో తప్పకుండా అడగండి. బియ్యమో గోధుమలో పట్టిన తర్వాతే మీది వేయించండి. రాళ్ల సందుల్లో మిగిలిన చారెడు కారం చాలు, ఒళ్లు మంటెత్తిపోవడానికి.

మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. వెంటనే డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది, మీ ఉండలకి ఇదీ ఒక కారణమే. పాత పంచె మీద పల్చగా పరిచి రెండు గంటలు ఆరనివ్వండి. తర్వాత నూలుగుడ్డలో జల్లించండి. పైన మిగిలిన బరక కాళ్లకీ మోచేతులకీ విడిగా దాచుకోండి.

పురుగు కొత్తగా వచ్చి పడేది కాదు, పెసల్లోనే గుడ్డుగా వస్తుంది. ఎండ కొంత చంపుతుంది. పూర్తిగా పోవాలంటే పట్టిన పిండిని మూత బిగించిన డబ్బాలో నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయకండి. చల్లటి డబ్బా తెరిస్తే పిండి చెమ్మగిల్లుతుంది. పప్పులు వేయించి పట్టే పద్ధతీ ఉంది, కానీ దాంతో నలుగుపిండికి కమ్మపొడి వాసన వస్తుంది. నాకది నచ్చదు.

నలుగురికి ఒక్కసారికి 150 గ్రాముల పిండి సరిపోతుంది. నువ్వుల నూనె పట్టించి అరగంట ఆగి, పిండిని నీళ్లతోనో పాలతోనో జారుగా కలిపి రాసుకోండి. పూర్తిగా ఎండేదాకా ఉంచి పొడి చేత్తో రాలగొట్టకండి, చర్మం గీరుకునేది అప్పుడే. కాస్త పచ్చిగా ఉండగానే తడిచేత్తో మృదువుగా తిప్పుతూ తీసేయాలి.

జవాబు 2 (రాసినవారు: కొండకాయ)

కుంకుళ్ల గురించి నేను చెబుతాను.

మన కుంకుడుకాయ సాధారణంగా మూడు బుడిపెలు కలిసిన గుత్తిగా కాస్తుంది. ఎండాక బుడిపెలు విడిపోతాయి, మనం లెక్కపెట్టేది ఆ విడి కాయల్నే. రీఠా పేరుతో అమ్మేది ఉత్తరాది రకం, గుండ్రంగా ఇంకాస్త పెద్దగా ఉంటుంది. అందుకే కాయల లెక్క కంటే గింజ తీసిన పెచ్చుల తూకం నమ్మకం. భుజాల దాకా ఉన్న జుట్టుకి 15 నుంచి 20 గ్రాములు, నడుము దాకా అయితే 30 గ్రాములు. మన కాయల్లో ఇది సుమారు పదీ, పదిహేడూ.

నురగ రాకపోవడానికి పెద్ద కారణం నూనె. తలకి నూనె దట్టంగా ఉన్నప్పుడు మొదటి విడత రసం జిడ్డును పట్టుకోవడానికే ఖర్చైపోతుంది, నురగ రాదు. రసాన్ని రెండు భాగాలు చేసి, సగంతో ఒకసారి రుద్ది కడిగి, మిగతా సగం పోయండి. రెండోసారి నురగ అదే వస్తుంది. చాలామంది మొదటిసారే మొత్తం పోసేసి కాయ మంచిది కాదంటారు.

రెండో కారణం నానబెట్టే తీరు. 30 గ్రాముల పెచ్చులకి అరలీటరు మరిగే నీళ్లు పోసి మూత పెట్టి కనీసం 40 నిమిషాలు వదలండి. పెచ్చు మెత్తబడి వేళ్ల మధ్య జారాలి. తొందరగా కావాలంటే పది నిమిషాలు సన్నటి సెగ మీద ఉడికించండి, కానీ లోతైన గిన్నె తీసుకోండి. పాలకంటే వేగంగా పొంగుతుంది. వేడి రసం మిక్సీలో ఎప్పుడూ వేయకండి. నురగ, ఆవిరి కలిసి మూతను ఎగరగొడతాయి.

ముక్కలు మిగలడం టీ జల్లెడ వల్లే. పల్చటి తడి నూలుగుడ్డలో పోసి పిండండి. పిండిన పిప్పి పారేయకండి, ఇంకో గ్లాసు వేడినీళ్లు పోస్తే వచ్చే రెండో రసం వెండి సామాన్లకీ పట్టుబట్టలకీ బాగుంటుంది.

బిరుసుకి మందు మందారాకు. లేత ఆకులు పది పన్నెండు కడిగి, కుంకుళ్లతో కలపకుండా విడిగా, గ్లాసు చల్లటి నీళ్లలో చేత్తో నలపండి. కోడిగుడ్డు తెల్లసొనలా జిగురు వస్తుంది. అది వడకట్టి చివర్లో రసంలో కలపండి. మందారం దొరకని చోట రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ జిగురు నీళ్లు వాడుకోవచ్చు. మెంతుల ముద్ద మాత్రం తలకి పెట్టకండి, పొడుగు జుట్టులోంచి ఆ పొట్టు తీయడం పెద్ద పని.

బోరునీళ్ల సంగతి. గట్టి నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి తెట్టుగా మారి జుట్టుకి పట్టుకుంటుంది. కుంకుడులో నురగనిచ్చే పదార్థం సపోనిన్, సబ్బు జాతి కాదు కాబట్టి ఆ తెట్టు కట్టదు. కుంకుడు అయ్యాక చివరగా పోసుకునే నీళ్లు మాత్రం మంచివై ఉండాలి. ఒక బకెట్ కుళాయి నీళ్లు పట్టి ఉంచుకోండి. అదీ లేకపోతే లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం వడకట్టి కలిపి చివర్లో పోసుకుని, ఆ వెంటనే మామూలు నీళ్లతో కడిగేయండి.

వంటసోడా వేస్తే నురగ పెరుగుతుందని ఎవరైనా చెబితే వినకండి. కుంకుడు రసం సహజంగా కాస్త పులుపు వైపు ఉంటుంది, జుట్టుకి కావలసింది అదే. సోడా దాన్ని క్షారం చేసి వెంట్రుక పైపొరను లేపుతుంది, బిరుసు ఇంకా పెరుగుతుంది.

రసం ఏ రోజుది ఆ రోజే. బయట ఉంటే మర్నాటికే పులుస్తుంది, ఫ్రిజ్‌లో మూడు రోజులు.

జవాబు 3 (రాసినవారు: పత్యం)

పెసరచేను గారి కొలతతో నాకు పేచీ లేదు. కానీ మూలికల కొట్లో సున్నిపిండి సామాను అని అడిగితే కట్టిచ్చే పొట్లంలో తరచుగా బావంచాలు కూడా ఉంటాయి. నల్లటి చిన్న గింజలు. వాటిని ఏరి పక్కన పెట్టేయండి. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు మిగులుతాయి. వైద్యులు బొల్లికి వాడే గుణం అదే, అందుకే అది వైద్యుల చేతిలో ఉండాల్సిన వస్తువు. భోగినాడు నలుగు పెట్టుకుని వెంటనే ముగ్గుల దగ్గర ఎండలో కూర్చునే పిల్లలకి అసలే వద్దు. నిమ్మరసం ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్లడంలోనూ ఇదే ప్రమాదం ఉంది.

పసుపు గురించి: వంట పసుపు 100 గ్రాములు చాలా ఎక్కువ, తువ్వాళ్ల మరకలు అందుకే. కస్తూరి పసుపు వేరే దుంప. లేత మీగడ రంగులో, కర్పూరం లాంటి ఘాటు వాసనతో ఉంటుంది, మరక పెద్దగా వేయదు. కస్తూరి పసుపు పేరుతో ముదురు పసుపు రంగు పొడి ఇస్తే అది వేరే దుంపది. పొడి కొనకుండా ఎండు ముక్కలే కొనండి.

మొటిమలున్న ముఖానికి ఏ నలుగూ రుద్దకూడదు. నెలల పిల్లలకి కూడా వద్దు, మెడ ముడతల్లో, గజ్జల్లో పిండి మిగిలి తడికి ఒరుస్తుంది. మిగతావాళ్లు కొత్త పిండిని ముందు రోజు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత రాసి చూసుకుంటే చాలు.

కుంకుడు కంట్లో పడితే చల్లటి మంచినీళ్లతో పది నిమిషాలు కడుగుతూనే ఉండాలి, చేత్తో నలపకూడదు. పిల్లలకి తల వెనక్కి వాల్చి పోయండి.

ప్రశ్న అడిగినవారు (బోరునీళ్లు)

చాలా స్పష్టంగా చెప్పారు, ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు చిన్న సందేహాలు. కుంకుళ్లు కూడా పొడి కొట్టి ఏడాదికి దాచుకోవచ్చా? ఇప్పుడు కొట్లో దొరికేవి నల్లగా ఉన్నాయి, మంచివేనా?

జవాబు 4 (రాసినవారు: కొండకాయ)

కుంకుళ్లు ఫిబ్రవరి, మార్చిలో దిగుతాయి. ఇప్పుడు కొట్లో ఉన్నవి పోయిన పంట, పది నెలల నిలవ. అంత మాత్రాన చెడిపోవు. ముదురు గోధుమ రంగులో ముడతలు పడి, గోరుతో నొక్కితే కాస్త జిగటగా ఉంటే మంచివే. కారు నలుపై, బూజు వాసన వస్తుంటే, లేదా గింజ పక్కన తెల్లటి బూజు కనిపిస్తే వదిలేయండి. అడవి కాయలు కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అడగండి. ఈ సంస్థ విశాఖ కేంద్రంగా 1956 నుంచి ఉంది, మన్యంలో గిరిజనులు ఏరిన కుంకుళ్లు, శీకాయ, తేనె కొంటుంది.

పొడికి ఇది కాలం కాదు. పెచ్చులో బంక ఎక్కువ, మంచు రోజుల్లో మిక్సీ బ్లేడుకి తారులా పట్టుకుంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో, పెచ్చులు గలగలలాడేలా నాలుగు రోజులు ఎండాక, చల్లారకముందే పట్టండి. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఆగని తుమ్ములు తెప్పిస్తుంది. పట్టిన పొడిని నేరుగా తలకి పెట్టకూడదు, నానబెట్టి వడకట్టాల్సిందే. ఇన్ని తిప్పల కంటే గింజలు తీసిన పెచ్చుల్ని గాజు సీసాలో దాచడమే సుఖం.

జవాబు 5 (రాసినవారు: తూము)

అందరూ వదిలేసిన సంగతి ఒకటి. పెసరపిండి నీళ్లలో కలిసి గొట్టంలో ముద్ద కడుతుంది, నలుగురి తలంటు అయ్యేసరికి బాత్రూం తూము నిండుతుంది. తూము మీద సన్న జాలీ వేసి, పిండిని ముందు చేత్తో తీసి బకెట్‌లో వేయండి. అది మొక్కల మొదట్లో పోయొచ్చు. కుంకుడు నీళ్లు మాత్రం చేపలున్న తొట్టిలోకో చెరువులోకో వెళ్లనివ్వకండి. సపోనిన్ చేపల మొప్పల్ని దెబ్బతీసి చంపుతుంది. గోదావరి జిల్లాల్లో ఇంటి వెనకే చేపల చెరువున్నవాళ్లు ఆ నీటి దారి ఎటు పోతుందో ముందే చూసుకోవాలి.