నమూనా రాకెట్‌లో ఎలక్ట్రానిక్స్ అమరిక, నేల మీద సిగ్నల్ అందుకునే ఏర్పాటు: కొన్ని సందేహాలు

ప్రశ్న (ఈసీఈ మూడో సంవత్సరం, వరంగల్)

అందరికీ నమస్కారం. విద్యార్థుల పోటీ కోసం మేము ఐదుగురం కలిసి సుమారు 600 మీటర్ల ఎత్తుకు వెళ్లే అట్టగొట్టం రాకెట్‌ను తయారు చేస్తున్నాము. మోటారు, ప్రయోగ స్థలం, అనుమతులు నిర్వాహకులే చూసుకుంటున్నారు కనుక నా ప్రశ్నలన్నీ ఎలక్ట్రానిక్స్ గురించే. మా దగ్గర అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, గాలి పీడనం కొలిచి దాన్నిబట్టి ఎత్తు తెలిపే బీఎంపీ280, త్వరణం కొలిచే ఎంపీయూ6050, నియో-6ఎం జీపీఎస్, ఎస్‌డీ కార్డు ఉన్నాయి. వీటికి తోడు మా బావగారు అమెరికా నుంచి తెచ్చిన 915 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ శక్తితో చాలా దూరం సందేశాలు పంపే రేడియో) మాడ్యూళ్లు రెండు ఉన్నాయి. బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చి పరీక్షించే పలక) మీద అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. పరికరాలుండే అర లోపలి వ్యాసం 7 సెంటీమీటర్లు, పొడవు 20 సెంటీమీటర్లు. దానికి గాలి రంధ్రాలు ఎంత పెట్టాలి? లోరాను ఏ అమరికలో నడపాలి? నేల మీద ఒక ల్యాప్‌టాప్ సరిపోతుందా?

సమాధానం 1 (హామ్ రేడియో అభిరుచి, విజయవాడ)

ముందుగా ఆ 915 సంగతి చూడండి. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు కానీ, మన దేశంలో 890 నుంచి 915 వరకు ఫోన్లు టవర్లకు సిగ్నల్ పంపే పట్టీ, మీరు సరిగ్గా దాని అంచున నిలబడి మాట్లాడుతున్నట్లు అవుతుంది. మనకు లైసెన్సు అక్కరలేకుండా 2005లో వదిలిపెట్టినది 865-867 మెగాహెర్ట్జ్ శ్రేణి, 2021లో దానిని 868 వరకు పెంచారు. అయితే మాడ్యూళ్లను పారవేయనక్కరలేదు. వాటిలో ఎస్‌ఎక్స్1276 చిప్ ఉంటే ఫ్రీక్వెన్సీ ప్రోగ్రాంలో ఒక్క వరుస మారిస్తే మారుతుంది. తీగ యాంటెన్నాను మాత్రం 8.2 సెంటీమీటర్ల నుంచి సుమారు 8.6కు పెంచండి. యాంటెన్నా బిగించకుండా మాడ్యూల్‌కు కరెంటు ఇవ్వకండి, ప్రసార భాగం కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇక అమరిక. దూరం ఎక్కువ వస్తుందని చాలామంది స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ను (సందేశాన్ని ఎంత నెమ్మదిగా సాగదీసి పంపాలో చెప్పే అంకె) 12కు పెడతారు. 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో 30 బైట్ల సందేశం ఒకటి గాలిలోకి వెళ్లడానికి అప్పుడు ఒకటిన్నర సెకన్లకు పైగా పడుతుంది. మీ రాకెట్ శిఖరానికి చేరేది దాదాపు పది సెకన్లలో కనుక మీకు అందేవి ఆరు సందేశాలు మాత్రమే. ఫ్యాక్టర్ 7 దగ్గర అదే సందేశానికి 70 మిల్లీసెకన్లు చాలు, సెకనుకు ఐదు నిశ్చింతగా పంపవచ్చు. ఎదురుగా అడ్డేమీ లేని పొలంలో కిలోమీటరు దూరానికి అది ధారాళంగా సరిపోతుంది.

సమాధానం 2 (రెండేళ్లుగా ఎగరేస్తున్న బృందం నుంచి)

రేడియో అవసరమే, కానీ దానిని రాకెట్‌ను వెతికి పట్టుకునే సాధనంగానే చూడండి, అసలైన లెక్కలు రాకెట్ లోపలే నమోదు కావాలి. అందుకు ఎస్‌డీ కార్డును నేను నమ్మను. కుదుపుకు కార్డు కదలడం ఒక బాధ అయితే, రాత మధ్యలో అది ఒక్కోసారి వందల మిల్లీసెకన్లు ఆగిపోవడం అంతకంటే పెద్ద బాధ. బోర్డుకే సోల్డర్ చేసే 16 మెగాబైట్ల ఫ్లాష్ చిప్ తీసుకోండి. ఒక్కో నమూనాకు 32 బైట్ల చొప్పున సెకనుకు వంద నమూనాలు రాసినా అది నిండడానికి గంటకు పైగా పడుతుంది.

మా తొలి ప్రయోగం చెబుతాను. రాకెట్ చక్కగా ఎగిరింది, దొరికింది కూడా. సాయంత్రం గ్రాఫ్ గీస్తే త్వరణపు గీత నిలువుగా లేచి, 2 జీ (భూమ్యాకర్షణ త్వరణానికి రెండు రెట్లు) దగ్గర బల్లపరుపుగా, స్కేలు పెట్టి గీసినట్లు సాగింది. ఎంపీయూ6050 ఆన్ కాగానే ప్లస్ లేదా మైనస్ 2 జీ పరిధిలో ఉంటుందని, 16 జీకి మనమే మార్చుకోవాలని అప్పటికి మాలో ఎవరికీ తట్టలేదు. మీరు ఈ రోజే మార్చుకోండి.

బ్రెడ్‌బోర్డును బల్ల మీదనే వదిలేయండి. గుచ్చిన తీగలు, స్ప్రింగుతో పట్టి ఉంచే బ్యాటరీ పెట్టెలు ప్రయోగపు ఊపుకు క్షణంపాటు వదులైనా చాలు, ఈఎస్‌పీ32 మళ్లీ మొదటి నుంచి మొదలై, తాను ఇంకా నేల మీదే ఉన్నానని అనుకుంటుంది. పారాచ్యూట్‌ను సర్వో మోటారుతో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) విడుదల చేస్తే దానికి విడిగా సరఫరా ఇవ్వండి, లేకపోతే అది కదిలిన క్షణాన వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది.

బయటి గాలి పీడనమే అరలోని సెన్సర్‌కు అందాలి, గాలి రంధ్రాలు అందుకే. వాటి లెక్క: సుమారు 1,640 ఘన సెంటీమీటర్లకు 6.35 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి చాలునన్నది పాత వాడుక. మీ అర దాదాపు 770 ఘన సెంటీమీటర్లు కనుక, ఒకే రంధ్రమైతే 4.3 మిల్లీమీటర్లు, నాలుగైతే ఒక్కొక్కటి 2.2. నాలుగే మేలు. చుట్టూ సమదూరంలో పెడితే ఒక పక్క గాలి ఒత్తిడిని రెండో పక్క సరిచేస్తుంది. ముక్కు అతుకుకు మాత్రం బాగా దిగువన ఉంచండి.

సమాధానం 3 (డాలస్, వారాంతాల్లో రాకెట్లు)

నేల సంగతి నేను చెబుతాను. ల్యాప్‌టాప్ తెర మిట్ట మధ్యాహ్నపు ఎండలో కనిపించదు, అట్టపెట్టెను గొడుగులా వాడండి. రిసీవర్‌ను పవర్ బ్యాంకుతో నడిపితే, అది తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో కొన్ని పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. నాకు సరిగ్గా ప్రయోగానికి ముందు సెకన్ల లెక్కింపు వేళే అలా జరిగింది. వచ్చిన ప్రతి వరుసను తెర మీద చూపడంతోపాటు ఫైలులోకి కూడా రాయించండి.

యాంటెన్నాను ప్రయోగ వేదిక పక్కనే పెట్టకండి. నిలువు తీగ కొన వైపు సిగ్నల్ దాదాపు ఉండదు కనుక, రాకెట్ నెత్తి మీదకు వచ్చినప్పుడే మీకు వినిపించకుండా పోతుంది. నూరు, నూటయాభై మీటర్లు పక్కకు జరగండి. జీపీఎస్‌ను గాలి ప్రయాణానికి తగిన అమరికలో పెట్టి, స్థానం స్థిరపడ్డాకే ప్రయోగానికి సిద్ధమని చెప్పండి. మోటారు మండుతున్న ఆ క్షణాల్లో అది తప్పిపోయినా కంగారు పడకండి, పారాచ్యూట్ కింద దిగుతూ మళ్లీ అందుకుంటుంది. ఒక చిన్న బజర్ కూడా కలపండి. చివరి సందేశం మిమ్మల్ని చేను గట్టు దాకా తీసుకువెళుతుంది, నడుమెత్తు పత్తిలో మిగిలిన ఆ కొద్ది దూరానికి మాత్రం చెవులే దిక్కు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రీక్వెన్సీని 866కు, త్వరణ పరిధిని 16 జీకి మార్చాము. లీటరు పచ్చడి సీసాలో బోర్డు పెట్టి, మూతకు గొట్టం బిగించి, 50 మిల్లీలీటర్ల సిరంజితో గాలి లాగితే ఎత్తు 400 మీటర్ల దరిదాపుల్లో చూపింది, లెక్కకు సరిపోయింది. పిస్టన్ వదలగానే శిఖరం దాటినట్లు గుర్తించి సర్వో కూడా కదిలింది. ఒక్కటే అర్థం కావడం లేదు. సీసాను కిటికీ దగ్గర ఎండలోకి జరిపితే గాలి లాగకుండానే ఎత్తు కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతోంది.

సమాధానం 2

మూత బిగించి ఉంటే ఎండకు లోపలి గాలి వేడెక్కి పీడనం మారుతుంది, అది మొదటి కారణం. రెండవది, ఆ సెన్సర్ మీద నేరుగా వెలుతురు పడకూడదు. గాలి ఆడే నల్లని స్పాంజి ముక్కను దాని మీద అమర్చి, మూత తీసి మళ్లీ చూడండి. రాకెట్‌లో గాలి రంధ్రానికి సూటిగా సెన్సర్ రాకుండా బోర్డును తిప్పి బిగించండి.