డ్రాఫ్ట్‌లో ‘నీడ్’, ‘వాల్యూ’: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ముఖ్యంగా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ఐదుగురి వరుసైన అఫెన్సివ్ లైన్‌ను నిర్మించుకునేటప్పుడు, ‘నీడ్’ చూడాలా ‘వాల్యూ’ చూడాలా అన్న వాదం ఏటా వస్తుంది. వీటిని ‘అవసరం’, ‘విలువ’ అంటే సరిపోతుందా? ‘అక్కరకు రాని చుట్టము’ అన్న సుమతీ పద్యంలోని ‘అక్కర’ ఇక్కడ నప్పుతుందా?

సమాధానం: ‘అక్కర’ చక్కగా నప్పుతుంది. ‘విలువ’తోనే చిక్కు. మామూలు వాడుకలో విలువ మనిషికో వస్తువుకో చెందిన గుణం. డ్రాఫ్ట్‌లో మాత్రం ఆటగాడి ప్రతిభతో పాటు, అతడికోసం జట్టు ఎన్నో ఎంపికను ఖర్చు పెట్టిందన్న లెక్క కూడా అందులో కలిసి ఉంటుంది. అదే ఆటగాడు 10వ ఎంపికగా నష్టమూ, 40వ ఎంపికగా లాభమూ కావచ్చు. పెట్టుబడితో పోల్చి చెప్పే ఇటువంటి లాభానికి మన రైతులు వాడే ‘గిట్టుబాటు’ అన్న మాట సిద్ధంగా ఉంది కనుక, నేనైతే ‘అక్కర’, ‘గిట్టుబాటు’ అని రాస్తాను.

ఈ జంటను నిజమైన సందర్భాలకు అన్వయించి చూద్దాం. 2013లో డల్లాస్ కౌబాయ్స్ తమ 18వ ఎంపికను శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చి, 31వ, 74వ ఎంపికలను తీసుకుని, 31వ ఎంపికతో ట్రావిస్ ఫ్రెడరిక్ అనే సెంటర్‌ను (లైన్ నడుమ నిలిచే ఆటగాణ్ణి) తెచ్చుకుంది. అక్కర తీరింది కాని గిట్టుబాటు కాలేదని అప్పుడు చాలామంది విశ్లేషకులు పెదవి విరిచారు. అయినా అతడు 2016లో, ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ల జాబితా అయిన ఆల్‌ప్రో మొదటి జట్టుకు ఎంపికయ్యాడు.

సిన్సినాటి బెంగాల్స్ కథ ఇంకా ఆసక్తికరం. 2020 నవంబరులో క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు దెబ్బతింది కనుక, 2021 డ్రాఫ్ట్‌లో ఆ జట్టు అక్కర లైన్ అన్నది అందరికీ తెలిసిన సంగతే. అయినా 5వ ఎంపికతో ట్యాకిల్ (లైన్ చివర నిలిచేవాడు) పెనే సూయెల్‌ను కాదని, బరోతో కళాశాలలో కలిసి ఆడిన రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) జమార్ చేజ్‌ను తీసుకున్నారు; సూయెల్ 7వ ఎంపికగా డెట్రాయిట్‌కు వెళ్లాడు. ఆ సీజన్‌లో చేజ్ ఉత్తమ నూతన అఫెన్సివ్ ఆటగాడయ్యాడు, జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌కు చేరింది. కాని లీగ్ దశలోనే బరో 51 సార్లు శాక్ అయ్యాడు (బంతి విసరకముందే ప్రత్యర్థులు అతణ్ణి పడగొట్టారు). 20–23తో ఓడిన సూపర్‌బౌల్‌లో మరో 7 సార్లు. మరుసటి వేసవికి ముందే టెడ్ కారస్, అలెక్స్ కప్పా, లయెల్ కాలిన్స్ అనే లైన్ ఆటగాళ్లను ఫ్రీ ఏజెంట్లుగా (ఏ జట్టుతోనూ ఒప్పందం లేనివారిగా) డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. అంటే అక్కరను కొంతవరకు సంతలో తీర్చుకోవచ్చు. గిట్టుబాటు మాత్రం, కొత్త ఆటగాళ్ల జీతాలకు లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందం పరిమితి విధించాక, ఎక్కువగా డ్రాఫ్ట్‌లోనే దొరుకుతుంది. బెంగాల్స్ నిర్ణయం తప్పని నేననుకోను, బరో మోకాలు వేరే మాట చెప్పవచ్చు.

అయితే లైన్‌లో అక్కర బలం తక్కువేమీ కాదు: పక్కపక్కన నిలిచే ఐదుగురిలో ఒక్కడు తేలిపోయినా మిగిలిన నలుగురి శ్రమ వృథా అవుతుంది.

మరొకరు: అదే పద్యం ‘ఎక్కినఁ బారని గుర్రము’ను ‘గ్రక్కున’ విడిచిపెట్టమంటుంది కదా, ఆ సలహా లైన్‌కు వర్తిస్తుందా?

సమాధానం: వర్తించదు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ 2018లో ఏడో రౌండులో, 233వ ఎంపికగా తీసుకున్న జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడినవాడు, అంతకు ముందు అమెరికన్ ఫుట్‌బాల్ ఎరగడు. మొదటి రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ పైన లెఫ్ట్ ట్యాకిల్‌గా స్థిరపడ్డాడు. గుర్రాన్ని గ్రక్కున విడిచి ఉంటే అంతటి గిట్టుబాటు చేజారేది. ఆ జట్టే 2022లో, అప్పటి సెంటర్ జేసన్ కెల్సీ ఇంకా ఆడుతుండగానే, 51వ ఎంపికతో క్యామ్ జర్గెన్స్ అనే సెంటర్‌ను తెచ్చుకుంది. 2024లో కెల్సీ విరమించాక ఆ స్థానం జర్గెన్స్‌దే అయింది. దీన్ని ‘రేపటి అక్కర’ అనవచ్చు, అప్పుడు రెండు మాటల మధ్య పోటీ చాలావరకు సడలిపోతుంది.

ఇక ఆ పద్యంలోనే ఉన్న ‘మోహరము’ (యుద్ధ సేన) లైన్‌కు ఊరించే పేరే. అయినా వ్యాసంలో ‘లైన్’ అనే ఉంచండి. ‘మోహరం’ శీర్షికకు మాత్రం వాడుకోవచ్చు.