మధ్యస్థాయి నగరం పార్టీ జాతీయ సదస్సును మోయగలదా?

దారిదీపం:
అమెరికాలో ప్రధాన పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని లాంఛనంగా ప్రకటించే జాతీయ సదస్సులను షికాగో, ఫిలడెల్ఫియాల వంటి మహానగరాలకే కాక షార్లట్, టాంపా, క్లీవ్‌లాండ్, మిల్వాకీలకు కూడా అప్పగించాయి. నాలుగు లక్షల లోపు జనాభా ఉన్న క్లీవ్‌లాండ్ 2016లో రిపబ్లికన్ సదస్సును పెద్ద అవాంతరమేమీ లేకుండా గట్టెక్కించింది కాబట్టి, ఈ స్థాయి నగరాల వల్ల కాదనే వాదనకు కాలం చెల్లిందని నా అభిప్రాయం.

గదులలెక్క:
గట్టెక్కించింది సరే, ప్రతినిధులు రాత్రిళ్ళు ఎక్కడ ఉన్నారో కూడా చెప్పండి. కాలిఫోర్నియా బృందానికి బస దొరికింది క్లీవ్‌లాండ్‌లో కాదు, దాదాపు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న శాండస్కీలో, ఒక వాటర్‌పార్కు రిసార్టులో. అక్కడ ఆ బృందం సిబ్బందిలో పలువురికి వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ సోకితే, మిగిలినవారు కరచాలనాలు మాని, మాటిమాటికీ చేతులు కడుక్కోవలసి వచ్చింది. జనాభాలో దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రపు బృందానికే ఊళ్ళో చోటు చూపలేని నగరాన్ని సమర్థమైనదని ఎలా అంటారు?

దారిదీపం:
ఎవరికి ఏ హోటలు ఇవ్వాలో నిర్ణయించేది పార్టీ. దగ్గరి గదులు పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాలకూ, నాయకత్వానికి కావలసినవారికీ వెళ్ళడం పాత అలవాటే. పైగా క్లీవ్‌లాండ్‌లో 600 గదుల కొత్త హోటలు సదస్సుకు నెల ముందు తెరుచుకుంది, ఇప్పటికీ నడుస్తోంది.

గదులలెక్క:
వేలకు వేల గదులు కావలసిన చోట 600 ఏ మూలకు?

ఒక్కమాట:
1964లో డెమొక్రాట్లు అట్లాంటిక్ సిటీకి వెళ్ళినప్పుడు అక్కడి పాత హోటళ్ళ దుస్థితి దేశమంతటికీ తెలిసిపోయింది. సదస్సు వల్ల పేరు వస్తుందన్నది నిజమే, ఏ పేరన్నది వేరే సంగతి.

కౌంటర్‌వెనక:
మీరిద్దరూ గదుల దగ్గరే ఆగిపోయారు. 2024 జులైలో రిపబ్లికన్ సదస్సు జరిగినప్పుడు మిల్వాకీ నడిబొడ్డున మాకొక చిన్న తినుబండారాల దుకాణం ఉండేది. రద్దీ తట్టుకోలేరు, మనుషులను పెట్టుకోండి, సరుకు నింపుకోండి అని ముందుగా మాకు చెప్పారు. తీరా కంచె వేశాక లోపలికి పోయే ద్వారం మా వైపు లేదు; ప్రతినిధులు బస్సు దిగి నేరుగా భద్రతా వలయంలోకి వెళ్ళి అక్కడే భోంచేశారు; రోజూ వచ్చే ఆఫీసు ఉద్యోగులేమో ఆ వారమంతా ఇళ్ళ నుంచే పనిచేశారు. మధ్యాహ్నం రెండు దాటినా ఉదయం కోసిన రొట్టెలు అలాగే ఉండేవి.

దారిదీపం:
మీ నష్టానికి విచారిస్తున్నాను, కానీ ఒక దుకాణం అనుభవం నగరం మొత్తానికి లెక్క కాదు. భద్రత ఖర్చు కూడా నగరం నెత్తిన పడదు. ఒక్కో సదస్సుకు కేంద్రం ఇచ్చే 5 కోట్ల డాలర్ల గ్రాంటును 2024లో 7.5 కోట్లకు పెంచారు.

నిదానం:
గ్రాంటు వచ్చినంత మాత్రాన పోలీసులు పుట్టుకురారు, ఇతర రాష్ట్రాల నుంచి రప్పించుకోవాలి. మిల్వాకీ సదస్సు రెండో రోజున, ఆవరణకు సుమారు కిలోమీటరున్నర దూరంలో, కత్తులు పట్టుకొని మరొకరితో తలపడుతున్న స్థానికుడిని కాల్చి చంపింది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నుంచి వచ్చిన పోలీసులు. ఆ వీధులూ మనుషులూ తెలియనివారి చేతికి తుపాకులిచ్చి నిలబెట్టవలసి రావడమే నా దృష్టిలో నగర స్థాయికి సంబంధించిన అసలు ప్రశ్న.

దారిదీపం:
అలాంటి దుర్ఘటన మహానగరంలోనూ జరగవచ్చు. ఇక కౌంటర్‌వెనక గారూ, దాపరికం దేనికి, మీకు అడ్డు వచ్చింది కంచె కాదు, కంచె లోపలి పార్టీ. 2020లో డెమొక్రాట్ల సదస్సు ఇదే మిల్వాకీకి ఖరారైనప్పుడు రొట్టెల గురించి ఎవరూ అడగలేదు.

కౌంటర్‌వెనక:
ఆ సదస్సు కోవిడ్ వల్ల దాదాపు పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగింది కనుక, జనమే రాని దాని గురించి ఎవరైనా ఏమని అడగాలి? నేను చెల్లించే అద్దెకు పార్టీ లేదండీ. ఎవరి సదస్సయినా సరే, నా వీధి మూసేటప్పుడు నన్ను అడగరేమిటన్నదే నా కోపం.

దారిదీపం:
మీరు ఎన్నుకున్న నగర కౌన్సిలే 2022లో ఒప్పందాన్ని ఆమోదించింది. అదే ఏడాది నాష్‌విల్ కౌన్సిల్ వద్దని ఓటు వేస్తే పార్టీ అక్కడికి వెళ్ళలేదు. అడగడమంటే ఇంతకన్నా ఏముంటుంది?

నిదానం:
ఇప్పటికి అసలు విషయానికి వచ్చాం. కౌన్సిల్ ఓటు వేసే నాటికి కంచె ఎక్కడ వస్తుందో ఎవరికీ తెలియదు. దాన్ని నిర్ణయించేది అధ్యక్షుడికీ అభ్యర్థులకూ రక్షణ కల్పించే కేంద్ర సంస్థ సీక్రెట్ సర్వీస్, అదీ సదస్సు దగ్గరపడ్డాక. 2012లో షార్లట్ సదస్సుకు అక్కడి విద్యుత్ కంపెనీ డ్యూక్ ఎనర్జీ హామీతో తెచ్చిన కోటి డాలర్ల అప్పు తీరకపోతే చివరికి ఆ కంపెనీయే భరించింది. అంత పెద్ద కంపెనీ అండ లేని ఊళ్ళో ఆ లోటు ఎవరి మీద పడుతుందో ఒప్పందంలో రాసి, ఓటుకు ముందే బయటపెట్టమంటున్నాను.

దారిదీపం:
అన్నీ ముందే తేలాలంటే ఏ నగరమూ ఏ సదస్సునూ నిర్వహించలేదు. ఆ మాత్రం సాహసం చేయని ఊరిని దేశం ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?

కౌంటర్‌వెనక:
గుర్తింపు మీకు కావాలి, వ్యాపారం నాకు కావాలి. ఈ రెండింటినీ ఒకే పద్దులో వేసి లాభం చూపించకండి.