రుణ సంఖ్యలు ప్రధాన సంఖ్యలు ఎందుకు కావో పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. చెన్నై పెరంబూరులో మా వీధి తెలుగు పిల్లలకు సాయంత్రం వేళ ఎనిమిదో తరగతి లెక్కలు చెబుతున్నాను. 3 కంటే పెద్దదైన ఏ ప్రధాన సంఖ్య వర్గంలోంచైనా 1 తీసివేస్తే వచ్చేది 24తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చూపించాను: 5కు 24, 7కు 48, 11కు 120. అప్పుడొక అమ్మాయి పలకమీద −7 రాసి, దీని వర్గమూ 49 గనుక ఇదీ ప్రధాన సంఖ్యే కదా అని అడిగింది. చక్కని ప్రశ్న. −7ను 2×(−4)+1గా రాయవచ్చు కాబట్టి అది బేసి సంఖ్యేనని, ప్రధాన సంఖ్య మాత్రం నిర్వచనం ప్రకారం 1 కంటే పెద్దదై ఉండాలని చెప్పాను. పైగా 25 ప్రధాన సంఖ్య కాకపోయినా దానికి వచ్చే 624 కూడా 24తో భాగింపబడుతుంది. 2తోనూ 3తోనూ భాగింపబడకపోవడమే ఈ ధర్మానికి అసలు కారణం. అయితే నిర్వచనం అలా ఉందన్న జవాబు ఆ వయసు పిల్లలకు చాలదని నా అభిప్రాయం. రుణ సంఖ్యలను చేర్చుకుంటే 6ను 2×3 గానూ (−2)×(−3) గానూ రాయవలసి వచ్చి, ప్రధాన కారణాంకాల విభజన ఒకే విధంగా ఉంటుందన్న నియమం చెదిరిపోతుందని చెప్పడం సరైనదేనా? పై చదువుల బీజగణితంలో −7ను కూడా ప్రధానంగానే పరిగణిస్తారు గనుక, పిల్లలు తరువాత తికమకపడకుండా ఆ సంగతి ఇప్పుడే ఎంతవరకు చెప్పవచ్చో అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు దయచేసి తెలియజేయగలరు.